నీళ్ళు తాగని ఓడ

మా నాన్న లూకస్ టస్సీకి ఇనుమంటే గిట్టదు. ఓడలో లంగరుకీ మేకులకీ తప్ప ఇనుముకి చోటు లేదనేవాడు. అలాంటివాడి కూతుర్నయి ఉండి, పోయిపోయి నేను రివెట్లు కొట్టేవాణ్ణి పెళ్ళి చేసుకున్నాను. హ్యూ మెక్‌క్రియా ఐర్లండ్ నుంచి వచ్చినవాడు, ఇనుప రేకుల్ని ఒకదానికొకటి కలిపి కుట్టడం అతని పని. పెళ్ళినాడు నాన్న చర్చిలో నన్ను అప్పగించాడు, విందులో పంది మాంసం తిన్నాడు, ఇంటికొచ్చి నాతో ఒకే మాట అన్నాడు. "కడవలకి మాట్లేసేవాణ్ణి తెచ్చావు, టామర్. ఇంట్లో కడవలన్నా బాగుపడతాయేమో చూద్దాం." అంతే, ఆ తరవాత రెండేళ్ళపాటు అల్లుడితో ఉప్పు అందించమని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

నాన్న పొగరుకి కారణం లేకపోలేదు. విల్మింగ్టన్‌లో క్రిస్టినా నది గట్టున మావాళ్ళు దిగిన నాటికి ఈ దేశానికి పేరే లేదు. స్వీడన్ రాణిగారి జెండా పట్టుకుని ఓడ దిగినవాళ్ళు మా పూర్వీకులు. ఈ నేల అప్పుడు లెనాపీ ఆదివాసులది. రాగి బిందెలూ గుడ్డ తానులూ ఇచ్చి పుచ్చుకున్నామంటారు. ఆ బేరంలో వాళ్ళకేం మిగిలిందన్నది మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మొదటి చలికాలం దుంగల గుడిసెలో గడిపి, వసంతం రాగానే మావాళ్ళు చేసిన మొదటి పని చేపల వేటకి పడవ కట్టడం. తరవాత డచ్చివాళ్ళ జెండా వచ్చింది, ఆ తరవాత ఇంగ్లీషు రాజుది. జెండా మారినప్పుడల్లా మావాళ్ళు గొడ్డలి దించి, ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడేవాళ్ళట. చివరికి రాజుగారి జెండా కూడా దిగిపోయింది. మా పడవలు మాత్రం ఏటికేడాదీ పెద్దవవుతూ వచ్చాయి. బ్రాండీవైన్ వాగు మీద పిండిమరలు లేచాక, ఆ పిండిని దేశదేశాలకి మోసిన ఓడల్లో చాలా వాటిని నీళ్ళలోకి దించింది టస్సీలే.

మా నాయనమ్మ బ్రిటా ఒక సంగతి చెప్పేది. ఆమె తాత కాలంలో మేకు బంగారమంత ప్రియమట. ఊరొదిలి వెళ్ళేవాళ్ళు ఇల్లు తగలబెట్టి, బూడిదలో మేకులు ఏరుకుని, వంకర తీసి మూటకట్టుకుని పోయేవాళ్ళట. ఇక్కడ తీసిన ఇనుముని ముద్దలుగా ఇంగ్లండుకి పంపాలి, సామానుగా మళ్ళీ అక్కణ్ణుంచే కొనుక్కోవాలి, రేకు సాగగొట్టే మర ఇక్కడ కొత్తగా పెట్టకూడదని రాజుగారి శాసనం. ఆ మాటలు వింటూ పెరిగిన నేను, అదే గట్టు మీద, పెద్ద వీధంత పొడవున ఒక ఓడ మొత్తం ఇనుముతో లేవడం చూశాను. రోజూ హ్యూకి మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్ళి, ఇచ్చాక కూడా నోరు తెరుచుకుని అక్కడే నిలబడేదాన్ని. బూడిదలో మేకులేరుకున్న చేతులకీ ఈ ఓడకీ మధ్య గడిచింది నాలుగైదు తరాలేనంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఓడ పేరు హెన్లోపెన్. కట్టిస్తున్నది ఎలిహూ పాశ్చల్ అనే క్వేకరు మతశాఖ పెద్దమనిషి. నాన్న ముప్పై ఏళ్ళుగా ఓడలు దించింది ఆయన యార్డులోనే. క్వేకర్ల సంగతి తెలిసిందే, గవర్నరు ఎదురొచ్చినా టోపీ తీయరు, అందర్నీ 'నువ్వు' అనే అంటారు. ఓ సాయంత్రం ఆయన టోపీతోనే మా గుమ్మంలో నిలబడి సూటిగా సంగతిలోకి వచ్చాడు. బాల్టిమోర్ వాళ్ళు ఈ ఓడ చూసి నచ్చితే ఇంకా చేయించుకుంటారు. ఇకమీదట యార్డులో చెక్క పని ఉండదు. ఇనప పనివాళ్ళకి ఓడ కట్టడం తెలుసుగానీ ఇంత ఇరుకు నదిలోకి దించడం తెలియదు.

"టస్సీ మిత్రమా, దీన్ని నువ్వు దించాలి," అన్నాడు. "క్షేమంగా దిగి నిలిస్తే, నీ ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఈ గట్టు మీద ఓడలు దించే మేస్త్రీవి నువ్వే. వద్దంటే చెప్పు, ఫిలడెల్ఫియా నుంచి మనిషిని పిలిపిస్తాను. అబద్ధమాడి నిన్ను మభ్యపెట్టడం నాకు చేతకాదు."

ఆయన వెళ్ళాక నాన్న చాలాసేపు చుట్ట వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒప్పుకుంటే ఇన్నాళ్ళ మాట పోతుంది. ఒప్పుకోకపోతే, స్వీడన్ రాణి నాటి నుంచి టస్సీలు నిలబడ్డ గట్టు మీద ఎవడో పరాయివాడు నిలబడి కేకేస్తాడు. ఆ చోటు పోతే నాన్న బతకడని నాకు తెలుసు. బుజ్జగిస్తే వినే మనిషి కాదు కాబట్టి ఎత్తిపొడిచాను.

"ఫిలడెల్ఫియా ఆయన మంచివాడేనంట నాన్నా. మన నది పోటూ పాటూ తెలీకపోతే ఏం, అడిగితే నువ్వు చెబుదువుగాని."

"నోర్ముయ్," అన్నాడు నాన్న. మర్నాడు పొద్దున్నే యార్డుకి వెళ్ళాడు.

మొదటి రోజు ఆయన ఓడ చుట్టూ తిరగడం నేను చూశాను. రేకు అంచు దగ్గర ఆగి, వేలితో మందం కొలిచి, ఆ వేలినే తేరిపార చూసుకున్నాడు. ఆయన కట్టిన ఓడల గోడలు జానెడు మందం ఓకు చెక్క. ఇది చిటికెనవేలంత కూడా లేదు. పక్కన ఎవరూ లేరనుకుని రేకుకి చెవి ఆనించాడు. కొట్టి చూశాడు. చెక్క ఓడ దించే ముందు మూలుగుతుంది, ఆ మూలుగుని బట్టే ఏ వైపు బరువు ఎక్కువుందో, ఎప్పుడు వదలాలో తెలుస్తుంది. ఇది మూగదని ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరితోనో అన్నట్టు గోడతో అన్నాడు. హ్యూ తల వంచుకుని రొట్టె తింటున్నాడు. తప్పు తనదేనన్నట్టు పాపం అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఓడ కింద జారుడు దూలాలు పరిచి, వాటిమీద పశువుల కొవ్వు కరిగించి పోసి, పైన మెత్తటి సబ్బు రాయించాడు నాన్న. బరువు ఎక్కువని ఓకు గుంజలు రెట్టింపు పెట్టించాడు. శనివారం, పెద్ద పోటు వచ్చే వేళకి ముహూర్తం. ఊరంతా వచ్చింది. పిండిమరలు ఆపేశారు. చర్చి పెద్దలూ, తోళ్ళ పనివాళ్ళూ, బాల్టిమోర్ నుంచి వచ్చిన ఓడ యజమానులూ, అవతలి గట్టు మీద గుర్రబ్బళ్ళ వరసా. అంతమంది ఉన్నా నాన్న చెయ్యెత్తేసరికి ఎవరూ కిక్కురుమనలేదు. ఓడకి రెండు పక్కలా బారులు తీరిన పనివాళ్ళు ఆయన కేక అందుకుని ఒక్కసారిగా ఓడని పైకెత్తే చీలల మీద సమ్మెట్లు వేశారు. ఒక వరస, ఆగడం, ఇంకో వరస. అంగుళం కూడా కాదు, వెంట్రుకవాసి చొప్పున, ఆ ఇనుప కొండ తన కింది దిమ్మెల మీంచి లేచి, ఊయల అనే జారుడు చట్రం మీదికి వచ్చింది.

హ్యూ పైన డెక్కు మీద, తాళ్ళ దగ్గర ఉన్నాడు. కింద నాన్న, పైన మొగుడు, మధ్యలో ఆ ఓడ.

ఓడని పట్టి ఉంచిన చివరి పలకని కోసే రంపం సగంలో ఉండగానే ఆ పలక తెగిపోయింది. క్షణంపాటు ఏమీ జరగలేదు. తరవాత కింది దూలాలు మూలిగాయి. ఓడ మూగదైతేనేం, దాన్ని మోస్తున్న ఓకు చెక్క నోరు విప్పింది. నాన్న ముఖంలో వెలుగు చూశాను. ఆయన చెయ్యి దించాడు. హెన్లోపెన్ కదిలింది, ముందు ముసలమ్మ నడకలా, ఆ తరవాత ఆపేవాడెవడన్నట్టు. దూలాల మీంచి పొగ లేచింది, కాలిన కొవ్వు వాసన గట్టంతా కమ్మింది. నీళ్ళు గోడలా లేచి అవతలి గట్టుని ముంచెత్తి గుర్రాల్ని బెదరగొట్టాయి. ఓడ వేగం ఆపడానికి దానికి కట్టిన గొలుసుల కట్టలు ఒకదాని తరవాత ఒకటి నేలని దున్నుకుంటూ లాగి పట్టాయి. నది మధ్యలో ఓడ ఆగి, మెల్లగా పక్కకి తిరిగి, తేలింది.

ఇనుము తేలింది. తేలుతుందని అందరికీ తెలుసు, హ్యూ నాకు వందసార్లు చెప్పాడు కూడా. అయినా కళ్ళారా చూడడం వేరు. నా పక్కన ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎవరో పోయినప్పుడు తీసినట్టు కాదు, ఎవరో పుట్టినట్టు. దేవుడి పని చూసినప్పుడు కలిగే భయం లాంటిదే నాకు ఆ రోజు మనుషుల పని చూసి కలిగింది. అలా అనడం తప్పయితే అయింది.

ఓడని యార్డు ముందు కట్టేసి, అందరూ విందుకి వెళ్ళారు. కాల్చిన ఆల్చిప్పలు, షాడ్ చేప, ఆపిల్ సారా. నాన్న మాత్రం రాలేదు. దించిన మేస్త్రీ ఆ ఓడలోనే ఉండిపోవాలి, అది మా ఆచారం. ఎంత బాగా కట్టిన చెక్క ఓడైనా మొదట నీళ్ళలో పడగానే సందుల్లోంచి కొంచెం కారుతుంది. నీళ్ళు పీల్చుకుని చెక్క ఉబ్బి, సందులు వాటంతటవే బిగుసుకుంటాయి. దాన్నే మా గట్టున 'ఓడ నీళ్ళు తాగడం' అంటారు. తాగేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు, నీళ్ళు తోడకూడదు, కంగారు పడకూడదు. మేస్త్రీ ఒక్కడూ లోపల కూర్చుని, అది తాగడం ఆపేదాకా కాపలా కాస్తాడు.

పొద్దు వాలకముందే నేను పళ్ళెంలో చేపా రొట్టే పట్టుకుని పడవ మీద ఓడ దగ్గరికి వెళ్ళాను. నాన్న అడుక్కి దిగే నిచ్చెన మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని అంత ప్రశాంతంగా చూడలేదు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. కింద చీకట్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు.

"విన్నావా," అన్నాడు గుసగుసగా. "తాగుతోంది. నేను దీన్ని అనవసరంగా ఆడిపోసుకున్నానే తల్లీ. ఇదీ ఓడే. మన ఓడల్లాగే దాహం వేస్తోంది దీనికి."

పళ్ళెం పక్కన పెట్టి కిందికి తొంగి చూశాను. హ్యూతో కాపురం చేస్తున్నదాన్ని, ఇనుము ఏం చేస్తుందో ఏం చెయ్యదో నాకు తెలుసు. కింద నీళ్ళు మోకాలి లోతు ఉన్నాయి. అవి పెరుగుతూనే ఉంటాయి. గట్టు మీదికి వెళ్ళి కేకపెడితే ఓడ దక్కుతుంది, కానీ టస్సీ మునిగిపోతున్న ఓడలో కూర్చుని మురిసిపోయాడని బాల్టిమోర్ దాకా నవ్వుకుంటారు. చెప్పకపోతే తెల్లారేసరికి ఓడా ఉండదు, నాన్న చోటూ ఉండదు. ఆయన ముఖంలో ఆ సంతోషాన్ని చూస్తూ ఆ మాట అనడం కంటే నదిలో దూకడం తేలికనిపించింది నాకు.

"నాన్నా, ఇనుము ఉబ్బదు," అన్నాను.

ఆయన నా వంక చూశాడు.

"ఎంతసేపు తాగినా ఉబ్బదు. ఆ సందు దానంతటది మూసుకోదు. మనిషి వెళ్ళి మూయాలి."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. నిచ్చెన దిగి, నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి, తడుముకుంటూ రేకు మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు చూశాడు. తన చేతి కింద ఏ మార్పూ రావడం లేదని, ఎప్పటికీ రాదని ఆయనకి అప్పుడు తెలిసిందనుకుంటాను. చీకట్లోంచి నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "దీనికి నీళ్ళతో పనే లేదన్నమాట," అన్నాడు. "నీళ్ళలో ఉంటుంది గానీ నీళ్ళ దయ అక్కర్లేదు. టామర్, వీళ్ళు కట్టింది ఎంత పెద్ద వస్తువో నాకు పొద్దుట్నించీ తెలీనే లేదు."

నేను వెళ్ళి హ్యూని రహస్యంగా పిలుచుకొస్తానన్నాను. విందులో ఎవరికీ తెలియనక్కర్లేదని కూడా అన్నాను. నాన్న వినలేదు. తడిసిన బట్టలతో డెక్కు మీదికి ఎక్కి, గట్టు మీద బల్లల ముందు కూర్చున్న ఊరందరికీ వినపడేలా, ఓడల్ని కదిలించే ఆ గొంతుతో అల్లుణ్ణి పిలిచాడు.

"హ్యూ మెక్‌క్రియా. ఓడ కారుతోంది. చెక్క ఓడలా నీళ్ళు తాగుతోందనుకుని ఊరుకున్నాను. తప్పు నాది. నీ మనుషుల్ని తీసుకురా."

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. పాశ్చల్ గారు నవ్వలేదు, టోపీ సర్దుకుని అందరికంటే ముందు పడవెక్కాడు. హ్యూ ఆల్చిప్ప చేతిలో పట్టుకునే పరుగెత్తాడు.

అడుగున ఒక రేకు అంచు వెంబడి నాలుగు రివెట్లు వదులై, రెండు పూర్తిగా ఊడిపోయి ఉన్నాయి. ఎర్రగా కాల్చిన రివెట్టుని బయట ఇద్దరు సుత్తులతో కొడుతున్నప్పుడు, లోపల ఒకడు బరువైన ఇనుప దిమ్మెతో దాని తలని అదిమి పట్టుకోవాలి. ఇక్కడ పట్టినవాడి చెయ్యి అలిసిపోయి సడలిందని హ్యూ కన్నం తడిమి చెప్పాడు. ఓడ నీళ్ళలో ఉండగా కొత్త రివెట్టు వెయ్యడం కుదరదు. ఏం చెయ్యాలని అతను తల గోక్కుంటుంటే, నాన్న అప్పటికే పొడి ఓకు ముక్క ఒకటి చెక్కుతున్నాడు. దానికి తారు నార చుట్టి కన్నంలో దిగ్గొట్టాడు, రెండోదాంట్లోనూ అలాగే. నలుగురూ నీళ్ళు తోడారు. పాశ్చల్ గారు కూడా కోటు విప్పకుండానే బకెట్ అందుకున్నాడు. నీటి మట్టం ఆగింది, ఆ తరవాత దిగింది.

డెక్కు మీదికి వచ్చాక పాశ్చల్ గారు బాల్టిమోర్ వాళ్ళ ఎదుటే నాన్నతో అన్నాడు, "దించమన్నాను, దించావు. తప్పు జరిగితే దాచలేదు. నా మాట నా మాటే, ఆ చోటు నీది."

నాన్న వెంటనే చెయ్యి కలపలేదు. తను దించే వస్తువు ఏమిటో తెలియకుండా ఆ చోట్లో నిలబడనన్నాడు. ఆ తరవాత హ్యూ వైపు తిరిగి అడిగాడు. "లోపల అదిమి పట్టేవాడి చెయ్యి సడలిందన్నావు కదా. నా చేతులు ఇంకా సడల్లేదు. నాకు పని నేర్పుతావా?"

అది యార్డులో అందరికంటే కింది పని. చెవులు చెడిపోతాయి, చీకటి, వేడి, ఊపిరాడదు. హ్యూ నా వైపు చూశాడు. నేను కళ్ళతో ఒప్పుకోమన్నాను. "నేర్పుతాను, టస్సీ గారూ," అన్నాడు.

సోమవారం పాటుకి నీళ్ళు తీశాక ఓడని గట్టు బురదలో కూర్చోబెట్టారు. బయట మోకాలి లోతు బురదలో హ్యూ, అతని జతగాడు. లోపల చీకట్లో, అరవై రెండేళ్ళ నాన్న, రొమ్ముకి ఆనించిన ఇనుప దిమ్మెతో. పొయ్యిలోంచి రివెట్టు ఎర్రగా ఓడ లోపలికి వెళ్ళడం, కన్నంలోంచి దాని కొస బయటికి రావడం, రెండు సుత్తులు వంతులవారీగా దాని మీద పడడం నేను గట్టు మీంచి చూశాను. దెబ్బ పడ్డప్పుడల్లా ఓడంతా గంటలా మోగింది. ఆ మోతకి ఎదురుగా లోపల ఒక ముసలి రొమ్ము నిలబడి ఉందని తలుచుకుంటే నా కళ్ళు చెమర్చాయి. ఒక్క రివెట్టు కూడా సడల్లేదు. ఒకటి అయిపోగానే లోపల్నుంచి దిమ్మెతో రెండు దెబ్బలు వినిపించేవి. తరవాతది పంపమని గుర్తు.

చివరిది అయిపోయాక కూడా ఆ రెండు దెబ్బలూ వినిపించాయి. వెయ్యడానికి ఇంక కన్నాలు లేవు. హ్యూ సుత్తి పక్కన పెట్టి, నెత్తి మీద చెమట తుడుచుకుని, ఇంకా వేడిగా ఉన్న రేకుని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. ఇనుముకి అవతల నాన్న నవ్వడం మా ఇద్దరికీ వినిపించింది.